రాణమ్మ మాటల గొట్టం

అనగనగా ఒక ఊళ్ళో, రైలు కూత కూడా ఇంకా వినని ఊళ్ళో, ఒక మోటారు ఉండేది. ఇటలీ దేశంలో పుట్టి ఓడెక్కి వచ్చింది. ఇత్తడి దీపాలు, రబ్బరు బుడగ హారను. వెనకాల తెరలు కట్టిన అద్దాల గది. తోలేవాడు మాత్రం ముందు, ఎండలో.

తోలేవాడి పేరు జోగినాయుడు. తెరల వెనక కూర్చునేది రాజావారి భార్య రాణమ్మ. ఘోషా కదా, ఆవిడ ముఖం అతను ఏనాడూ చూడలేదు. ఆ గదిలోంచి అతని చెవి దాకా ఒక గొట్టం ఉండేది. రాణమ్మ అందులో చెప్పేది. అతను తిరిగి మాట్లాడకూడదు. ‘చిత్తం’ అనడానికి హారను నొక్కాలి. పోం! అంతే.

శుక్రవారం శుక్రవారం గుడికెళ్ళి వచ్చేవారు. దారిలో ఒక చీలిక. కుడి దారి కోటకి, ఎడమ దారి రాణమ్మ పుట్టింటికి. రాజావారికీ బావమరుదులకీ పడదు.

“చక్రం ఎడమకి తిరిగిందా, నీ తోలుతో సీటు కుట్టిస్తాను” అన్నారు రాజావారు.

ఒక శుక్రవారం గొట్టం అంది, “జోగీ, ఎడమకి తిప్పవయ్యా. మా అమ్మకి ఒంట్లో బాగోలేదు.” పోం అన్నాడు. కుడికి తిప్పాడు.

ఆ తర్వాతి శుక్రవారం, “అమ్మ కళ్ళు తెరవడం లేదట, జోగీ.” పోం. కుడికే.

మూడో శుక్రవారం గొట్టంలో ఏడుపొక్కటే వినిపించింది. పోం. అప్పుడూ కుడికే.

ఆ తల్లి పోయింది. ఆ తర్వాత జ్వరమొచ్చి రాణమ్మా పోయింది. మోటారుని కొట్టంలో పెట్టారు.

ఒక మిట్టమధ్యాహ్నం జోగినాయుడు దుమ్ము తుడుస్తుంటే గొట్టం అంది, “జోగీ, ఎడమకి.”

గుడ్డ పడేసి ఇంటికి పరుగెత్తాడు.

“పోయినవాళ్ళు పిలిస్తే పలక్కయ్యా! పలికితే వెంట తీసుకుపోతారు. ఈ చంటిదాన్ని ఎవరు సాకుతారు?” అంది పెళ్ళాం పైడమ్మ.

“ఎప్పుడో పలికేశానే,” అన్నాడు. “మూడుసార్లు.”

పిల్ల తల నిమిరి వెళ్ళిపోయాడు. హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పాడు, ఇంజను లేచింది. వెనక సీటు కిర్రుమంది. చీలిక దగ్గర ఎడమకి తిప్పాడు. దారి పొడుగునా గాజుల చప్పుడు.

తల్లి పోయాక పాడుబడ్డ ఆ పుట్టింటి ముందు మోటారు ఆపాడు. ఇంటి తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల్నుంచి ముసలి గొంతు, “వచ్చావా తల్లీ” అంది.

జోగినాయుడి చెయ్యి హారను మీదికి పోయింది. అప్పుడు గొట్టం మెల్లగా అంది, “ఇంక పలకొద్దు జోగీ. వెనక్కి చూడకుండా ఇంటికి నడువు. పిల్ల ఏడుస్తోంది.”

నడిచాడు. పిల్ల నిజంగానే ఏడుస్తోంది.

రాజావారు కోపంగా అక్కడికి వెళ్ళి, మోటారుకి ఎడ్లని కట్టించారు. కదల్లేదు. గొట్టానికి చెవి పెట్టారు. ఏం విన్నారో ఏమో, ముఖం తెల్లబోయింది. జోగినాయుడి తోలు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

భయమేసిందా? ఇలా దగ్గరికి జరుగు.

కథ పోయె కంచికి,
రాణమ్మ పుట్టింటికి,
మనమేమో మనింటికి,
నిద్దరేమో నీ కంటికి.