పొగ వాసన లందా

సుక్రు బాధ ఒక్కటే. అడిగేవాళ్ళు ఎక్కువ, కుండలు తక్కువ.

ఆ మాటే ఒక పొద్దున గాసి తాత దగ్గర ఎత్తాడు. గాసి తాత మా కొండ ఊరికి దిసారి. అంటే ఏ రోజు దున్నాలో, ఏ రోజు విత్తాలో చూసి చెప్పే పెద్దమనిషి. సుక్రు ఆయన శిష్యుడు. మీసం రాకముందు నుంచీ ఆయన వెనకే తిరిగాడు. తాత అప్పుడు గుమ్మంలో కూచుని వెదురు బుట్ట అల్లుతున్నాడు.

"తాతా, నలుగురు చెయ్యి చాపితే లేదనడం తప్పే కదా?"

"ఎవరు చాపినారు?"

"విశాఖపట్నం వాళ్ళు."

"ఆకలా వాళ్ళకి?"

"ఆకలి కాదు. లందా."

తాత మళ్ళీ వెదురు బద్ద అందుకున్నాడు. అదే జవాబనుకుంటే సరిపోయేది. సుక్రు మాత్రం ముసలాయనకి వినపడలేదనుకున్నాడు.

లందా అంటే చోళ్ళతో చేసే మా కొండ బీరు. మీరు రాగులంటారు, మేం చోళ్ళంటాం. వాటిని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి దంచి, గంజి కాచి, చల్లారాక పులియబెట్టే వేర్ల మందు కలిపి కుండలో మూసిపెడితే కొన్నాళ్ళకి బుడగలు కక్కుతుంది. మా ఊళ్ళో ఇది రానివాళ్ళు లేరు. మా అత్తకి కూడా వచ్చు. ఆమెకి ఇంకేమీ రాదు.

అయినా సుక్రు చేతి లందా వేరు. పండగలకి తాతే దగ్గర కూచోబెట్టుకుని నేర్పాడు. అది పండగలకే ఉండిపోతే ఈ కథ లేదు.

పోయినేడు కోతలయ్యాక జలపాతం చూడ్డానికి కొందరు బైకుల మీద వచ్చారు. క్రాఫ్ట్ బీరు ప్రియులట. వాళ్ళు బీరు తాగరు, పరీక్షిస్తారు. వాళ్ళ పెద్ద పేరు రుత్విక్. తల మీద లేని జుట్టంతా గడ్డానికి ఇచ్చుకున్న మనిషి. సుక్రు ఇచ్చిన గ్లాసు ఎండకి ఎత్తి చూశాడు. మా గ్లాసులు ఎండకి ఎత్తితే వేలిముద్రలు తప్ప ఏమీ కనిపించవు. తర్వాత వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. పడిపోతాడేమోనని మా మామ పట్టుకోవడానికి లేచాడు.

"పొగ," అన్నాడు రుత్విక్. "దాని వెనకాల తడి మట్టి. చివర్లో కొంచెం నిమ్మ తొక్క."

మా మామ తన గ్లాసులో నిమ్మ తొక్క కోసం చాలాసేపు వెతికాడు.

పొగ మాత్రం నిజం. అది ఎక్కడిదో సుక్రుకి తెలుసు. ఆ కుండకి ఇంట్లో చోళ్ళు చాలక, తాత ఇంటి అటక మీంచి తనే కాసిని దించి కలిపాడు.

ఆ అటక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కోతలయ్యాక ప్రతి ఇల్లూ విత్తనపు చోళ్ళు తీసి తాతకి అప్పగిస్తుంది. ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళు ఎండాకాలంలో తినేస్తారని. మా మీద మాకు అంత నమ్మకం. తాత వాటిని గడ్డితాడు చుట్టిన గంపల్లో పోసి, పొయ్యికి పైనున్న అటక మీద పెట్టిస్తాడు. కింద పొయ్యి ఆరకూడదు. ఆ పొగకి పురుగు చేరదు, చెమ్మ పట్టదు. వానల ముందు విత్తనాల పండగనాడు ఎవరి పాలు వాళ్ళకి తిరిగి పంచుతారు. మోకాళ్ళు పోయాక తాత అటక ఎక్కడం మానేశాడు. పొయ్యి చూసుకునేదీ, గంపలు చూసుకునేదీ సుక్రే. శిష్యుడంటే అందుకే.

విత్తనపు గింజ ఒక్కటీ పొల్లు పోదు. అన్నీ ఒక్కసారే మొలకెత్తుతాయి. అందుకే ఆ లందా అంత బాగుంది. మామూలు చోళ్ళతో సుక్రు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ రుచి రాలేదు. చోళ్ళని తన పొయ్యి మీద వేలాడదీసి రెండు రోజులు పొగపెట్టాడు. అది తాగి రుత్విక్, "టైరు కాలిన వాసన," అన్నాడు. ఆ వాసన మా మామకి కూడా తెలిసింది.

దాంతో సుక్రు మళ్ళీ అటక ఎక్కాడు.

రుత్విక్ ఫోన్లో రాశాడు: పొగ వాసన లందా, ఈ ఏడాదికి ఇంతే. ఆ 'ఇంతే' చూసి జనం ఎగబడ్డారు. కావలసినంత ఉన్నప్పుడు మా లందా మొహం ఎవడూ చూడలేదు. ఆదివారం తెల్లారేసరికి సుక్రు వాకిట్లో వరస. రాత్రంతా ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినవాళ్ళు చలికి వణుకుతూ, ముందువాడి వీపు చూస్తూ సంతోషంగా నిలబడేవాళ్ళు. కొందరు కుండ కొని, తాగకుండా, బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని ఫోటో దిగేవాళ్ళు. దొరకనివాళ్ళు దొరికినవాళ్ళని చూసి ఏడ్చేవాళ్ళు. మేం గట్టు మీద కూచుని వేరుశనక్కాయలు తింటూ చూసేవాళ్ళం.

వాళ్ళు సుక్రుని "సుక్రు గారూ" అనేవాళ్ళు. మా ఊళ్ళో అంతకుముందు గారు అనిపించుకున్నది ఫారెస్టు గార్డు ఒక్కడే, అదీ వాడు వింటున్నప్పుడు. ఆ పిలుపు విన్నాక సుక్రు నడక మారింది. నడిచేటప్పుడు పక్కకి చూడడం మానేశాడు.

అటక మీద గంపలు ఒకటొకటే ఖాళీ అయ్యాయి. ఖాళీ అయినదాంట్లో సంతలో కొన్న తిండి చోళ్ళు పోసి మూతి కట్టేశాడు. ఏ ఏటివో, ఏ మిల్లులో నలిగినవో. చూడ్డానికి గింజ గింజలాగే ఉంటుంది. పండగ లోపల ఎక్కడైనా మంచి విత్తనం దొరక్కపోతుందా అనుకున్నాడు. అనుకుంటూనే ఉన్నాడు.

పండగ దగ్గర పడ్డాక తాత ఒక గంప దింపించాడు. ఏటా అలా దింపించి, ఒక గుప్పెడు తడిగుడ్డలో మూటకట్టి మొలక చూస్తారు. నేను అప్పుడు నిప్పు కోసం తాత ఇంటికి వెళ్ళాను. నిప్పు మా ఇంట్లో ఉంది, అది వేరే సంగతి.

తాత గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రుత్విక్ లాగే కళ్ళు మూసుకున్నాడు. గింజల్ని తడిగుడ్డలో కట్టి, దూలానికి వేలాడదీయమన్నాడు. సుక్రు కట్టాడు. ముడి రెండుసార్లు జారింది.

"నిప్పు తీసుకున్నావా?" అని తాత నన్నడిగాడు. నేను వచ్చేశాను.

పండగ పొద్దున ఊరంతా తాత వాకిట్లో చేరింది. ఇంటికొక మనిషి, మనిషికొక బుట్ట. అన్నీ తాత అల్లినవే. అవతల రుత్విక్, అతని మనుషులూ కూడా ఉన్నారు. పొగ వాసన లందాలో మిగిలిన ఆఖరి కుండ ఆ రోజు వాళ్ళకిస్తానని సుక్రు మాటిచ్చాడు. రెండు పనులూ ఒకే రోజు పడ్డాయి.

వరసలో ముందు నిలబడింది సొంబారి. ఆమె మీద నేను మామూలుగా చాలా చెప్తాను. ఈ పూట చెప్పను. కోతలయ్యాక విత్తనం అప్పగించేసి, ఇంట్లో గింజ లేక, చిన్నపిల్లని అడవి దుంపల మీద నెట్టుకొచ్చింది. పిల్ల నీరసించిందని తెలిసి, కాసిని చోళ్ళు వెనక్కి పట్టుకెళ్ళమని తాతే కబురు పెట్టాడు. "అందరిదీ అక్కడుండగా నా ఒక్కదాన్దే ఎలా తీస్తాను," అని రాలేదు. ఆ పిల్ల ఎండాకాలం చూడలేదు.

తాత దూలం మీది మూట దింపించి, మా వైపు వీపు పెట్టి సుక్రు అరచేతిలో విప్పాడు. గింజలు ఉబ్బి ఉన్నాయి. ఒక్కటీ మొలవలేదు. పులిసిన కంపు కొట్టింది.

"నీ ఇంట్లో కుండ ఉంది కదా. పట్రా," అన్నాడు తాత.

సుక్రు వెళ్ళి తెచ్చాడు. రుత్విక్ ముందుకొచ్చి, "తాత గారూ, ఏమనుకోకండి. అది మాకు ముందే చెప్పి ఉంచింది," అన్నాడు మర్యాదగా.

"వీళ్ళు పోయిన కోతలప్పుడే చెప్పి ఉంచినారు బాబూ," అన్నాడు తాత. కుండ మూత తీసి, ఆనపకాయ గరిటె సుక్రు చేతికిచ్చాడు.

"పంచు."

సుక్రు గరిటె పట్టుకోలేదు. అది జారి కింద పడింది. తాత వంగి, మోకాళ్ళు పట్టుకుని, దాన్ని తీసి మళ్ళీ ఇచ్చాడు.

"తాతా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఊరికి నేనే చెప్పుకుంటాను."

"చెప్పమన్లేదురా. పంచమన్నాను."

సొంబారి బుట్ట చాచింది. ఏం జరుగుతోందో ఆమెకి ఇంకా తెలీదు. పండగలో ఏదో తంతు అనుకుంది. మేమూ అదే అనుకుని దణ్ణం పెట్టాం. సుక్రు ఒక గరిటె ముంచి ఆమె బుట్టలో పోశాడు.

లందా బుట్ట అల్లికలోంచి కారి ఆమె పాదాల మీద పడింది. అడుగున కాస్త నురగ మిగిలింది, అదీ పోయింది. వాకిలంతా పొగ వాసన.

ఆ వాసన ఆమెకి తెలుసు. ఏటా ఈ రోజున ఆ వాసనే నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్తుంది. తడి బుట్టని ముఖం దాకా ఎత్తుకుంది. దించేసరికి మాకూ అర్థమైంది. రుత్విక్ ఎత్తిన ఫోన్ దించేశాడు.

సొంబారి అరవలేదు.

"ఇది ఎన్నాళ్ళకి మొలుస్తాది, సుక్రు గారూ?" అంది.

సుక్రు తల తిప్పి తాత వైపు చూశాడు. తాత అతన్ని చూడడం లేదు. సొంబారి వెనక, వాకిలి దాటి పనసచెట్టు దాకా నిలబడ్డ బుట్టల్ని చూస్తున్నాడు.

"వరస పెద్దదిరా," అన్నాడు. "కానియ్యి."