ఊ కొట్టిన ముళ్ళపంది

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సంతకాలు లేవు, సాక్షులు లేరు. చెప్పిన మాటకి "ఊ" అంటే చాలు, ఒప్పందం అయిపోయినట్టే. ఇప్పుడు మీరు నా కథకి కొడుతున్నారే, అదే ఊ.

అక్కడ ఒక ముళ్ళపంది ఉండేది. బండ కింద దానికి చక్కని బొరియ ఉంది. దాన్ని అమ్మేసి, వానలు పడేలోపు కొండ అవతల అక్క దగ్గరికి వెళ్ళిపోవాలని దాని ఆశ. బొరియకి నాలుగు కుప్పల ఎండు ఇప్పపూలు పలుకుతాయి. అందులో మూడు చేతిలో ఉంటే వానాకాలం దిగుల్లేకుండా గడుస్తుంది.

ఇళ్ళ బేరాలు కుదిర్చే గోరింకకి కబురు పెట్టింది. గోరింక వచ్చి, నింపాదిగా మూడు మాటలు చెప్పింది.

"వానలు మొదలయ్యేదాకా ఈ బేరం నా ఒక్కదాని చేతిలోనే ఉండాలి వదినా."

ముళ్ళపంది లేత వెదురుకొమ్ము నములుతోంది. "ఊ" అంది.

"బొరియ అమ్ముడైతే ఒక కుప్ప నాది."

"ఊ."

"కొనేవాళ్ళని నేను తెచ్చినా, నువ్వే తెచ్చుకున్నా, నా కుప్ప నాదే."

వెదురుకొమ్ము మహా రుచిగా ఉంది. "ఊ" అంది ముళ్ళపంది.

పాపం, గోరింక అడవంతా తిరిగింది. నక్కని తెస్తే వాకిలి ఇరుకంది. అడవిపిల్లిని తెస్తే లోపల చెమ్మ అంది. ఈలోగా పక్కనే ఉండే ముంగిస, పిల్లల్ని వెంటేసుకుని తనంతట తానే వచ్చింది. తన దగ్గర మూడు కుప్పలే ఉన్నాయని బతిమాలింది. మధ్యలో గోరింక లేదు కదా, దాని కుప్ప ఎలాగూ ఇవ్వక్కర్లేదు అనుకుని, ముళ్ళపంది సంతోషంగా మూడింటికే ఇచ్చేసింది.

మర్నాడు గోరింక వచ్చి తన కుప్ప అడిగింది. ముళ్ళపందికి ఒళ్ళు మండి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ముంగిసని నువ్వు తేలేదు. నీకెందుకివ్వాలి?"

"మూడో మాట అదే కదా వదినా. ఊ అన్నావు."

ముళ్ళపంది ఎంత తలుచుకున్నా వెదురుకొమ్ము రుచి ఒక్కటే గుర్తొచ్చింది. అయినా ఊ అన్నది నిజమే. ముళ్ళు దించుకుని కుప్ప ఇచ్చేసింది. ఇక మిగిలినవి రెండే.

"నేనే తెచ్చుకుంటే నీకు వాటా ఉండకూడదని ఆ రోజే అడిగి ఉంటే?" అంది దిగులుగా.

"ఒప్పుకునేదాన్ని. ఆ ముక్క అప్పుడే అడగాల్సింది" అంది గోరింక.

కుప్ప పోయినదానికంటే ఈ మాటకే ముళ్ళపందికి ఎక్కువ బాధేసింది.

కొండ అవతల అక్క దగ్గరికి చేరాక, వానలు వెలవకముందే రెండు కుప్పలూ అయిపోయాయి. అక్క తన పూలు ముందుకు జరిపి, ఉన్నదేదో కలిసి తిందామంది. ముళ్ళపంది నోటిదాకా ఊ వచ్చి ఆగింది.

"ఏమన్నావో ఇంకోసారి చెప్పక్కా."

"బేరం కాదే పిచ్చిదానా, తినమంటున్నాను."

ముళ్ళపంది నవ్వేసి, అప్పుడు హాయిగా "ఊ" అంది.

నీతి: ఇల్లు అమ్మిపెట్టేవాళ్ళతో ఒప్పందం చేసుకునేటప్పుడు ప్రతి మాటా విని, అడగాల్సింది ముందే అడగాలి. ఊ అన్నాక అడిగితే జవాబు దొరుకుతుంది కానీ, పోయిన కుప్ప తిరిగి రాదు.