ఛీ అన్న మాట ఎక్కడ పుట్టింది?

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు గనక చెప్పను, రణమల్లవర్మ అనే రాజుండేవాడు. మంచివాడే. తనకు తెలియనిది లోకంలో లేదనుకోవడం ఒక్కటే ఆయన జబ్బు. అందులోనూ ఏ మాట ఎక్కడ పుట్టిందో చెప్పమంటే భోజనం కూడా మరిచిపోయేవాడు.

ఆయన తినే ప్రతి వంటకాన్నీ ముందుగా గురవమ్మ రుచి చూడాలి. విషమేదైనా ఉంటే తనకే తగలాలన్నమాట. పెళ్ళయిన కొత్తలో కొలువులో చేరిన మనిషి, ఆ పని చేస్తూనే తల నెరిసింది.

ఒకరోజు తానే పాయసం వండాలని రాజుగారికి బుద్ధి పుట్టింది. వంటవాళ్ళను బయటికి పంపేసి, నీళ్ళు తేరడానికి ఉంచిన పటికను పటికబెల్లం అనుకుని గుప్పెడు ముక్కలు వేశాడు. రెండూ తెల్లగా ఒక్కలాగే ఉంటాయి కదా, పాపం!

గిన్నె నిండుసభకు వచ్చింది. గురవమ్మ ఓ చెంచాడు నోట్లో వేసుకుంది.

"ఛీ!" అని ఊసేసింది.



"ఛీ అన్నావా? ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? ధిక్కారంలో పుట్టింది!" అని గర్జించాడు రాజు. "ఛీ అంటే నా ఏలుబడి నీకు అక్కర్లేదని అర్థం. పొద్దుగుంకేలోగా పొలిమేర దాటు!"

గురవమ్మ చేతులు జోడించింది. ఈ వయసులో ఎక్కడికి పోతుంది? "నోట్లోంచి వచ్చేసింది బాబయ్యా, తమర్ని నేనంటానా?" అని ఏడ్చింది. ఏలినవారు మొహం తిప్పుకున్నారు.

అప్పుడు ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ మాచన లేచాడు. గురవమ్మకు ప్రాణం లేచొచ్చింది. అతను గిన్నె అందుకుని, ఓ చెంచాడు మింగి, కళ్ళు మూసుకుని లొట్టలు వేశాడు.

"ఆహా, అమృతం ప్రభూ! దీన్ని ఛీ అన్న మనిషికి పొలిమేర దాటడం చాలా చిన్న శిక్ష."

ఇతనూ ఇంతేనా అని ఆ ముసలిప్రాణం ఉసూరుమంది.

రాజు ఉబ్బిపోయి గరిటెడు నోట్లో పోసుకున్నాడు.

"ఛీ! ఛీ! థూ!"

మాచన చేతులు కట్టుకున్నాడు. "బండి కట్టించమంటారా ప్రభూ?"

"బండెందుకు?"

"తమరు పొలిమేర దాటడానికి. గురవమ్మ ఒక్కసారే ధిక్కరించింది. తమరు రెండుసార్లు. పైగా థూ ఒకటి."

రాజు మూతి తుడుచుకున్నాడు. "నేను అనాలని అన్నానా? దానంతటదే వచ్చిందయ్యా!"

"ఆ మాట పుట్టింది అక్కడే ప్రభూ, నాలుక మీద. వగరు తగిలితే చంటిపిల్లాడూ మొహం అలాగే పెడతాడు, వాడికి రాజ్యమేం తెలుసు? గురవమ్మ నోట అది ఆలోచించకుండా వస్తుంది గనకే తమరి ప్రాణం ఇన్నాళ్ళూ నిలిచింది."

"మరి నువ్వెలా మింగావు?"

"ఎదురుగా ఏలినవారుంటే నేను ఏదైనా మింగుతాను. అందుకే నావంటివాళ్ళు పదిమంది కన్నా తమరికి గురవమ్మ ఒక్కతే నయం."

రాజు ముందు తెల్లబోయాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి మాచనకు తొడిగాడు. సింహాసనం దిగి గురవమ్మ దగ్గరికి తానే వచ్చాడు.

"తప్పు నాదమ్మా. నీ కొలువు నీదే. ఇంకేం కావాలో అడుగు, ఇస్తాను."

"ముందు గుక్కెడు మంచినీళ్ళు ఇప్పించండి బాబయ్యా, నోరింకా పట్టేసే ఉంది" అంది గురవమ్మ.

"ముగ్గురికీ తెండి!" అని కేకేశాడు రాజు.