లాభం, రెండు, మూడు

అనగనగా ఒక ఊరు. ఎప్పటి ఊరని మాత్రం అడగకండి, అడిగితే కథ ఆగిపోతుంది. ఆ ఊళ్ళో కన్నయ్య శెట్టి అనే ధాన్యం వర్తకుడు ఉండేవాడు. ఆయన భార్య కన్యకమ్మ. వాళ్ళకు లేక లేక పుట్టిన కూతురు గవరమ్మ.

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి మానికను ఒకటి అనరు. శుభమని లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ రాశి తరిగేదాకా పాటలా పాడతారు. గవరమ్మ ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ ఆ పాటే విన్నది. అందుకే బడిలో వేసిననాడు పంతులుగారు అంకెలు చెప్పమంటే, బుద్ధిగా చేతులు కట్టుకుని, "లాభం, రెండు, మూడు" అంది.

పిల్లలు పగలబడి నవ్వారు. పంతులుగారికీ నవ్వు ఆగలేదు.

ఆ నవ్వుతో పిల్ల నోరు మూతపడింది. అంకె అడిగితే భయం, అక్షరం చూపితే భయం. కొన్నాళ్ళు చూసి పంతులుగారు జరిగిందంతా చెప్పి శెట్టికి కబురు పెట్టారు. దసరాలోపు పిల్ల నోరు విప్పకపోతే బడి మాన్పించడమే మేలన్నారు.

శెట్టికి తల కొట్టేసినట్టయింది. తప్పంతా తన ధాన్యం కొట్టుదేనని తేల్చుకున్నాడు. చదువుకునే పిల్లకు కొట్టెందుకు, వంటిల్లెందుకు అని గవరమ్మను రెండు చోట్లకీ రానివ్వడం మానేశాడు.

మొదట మేడమీద ఒక గది ఖాళీ చేయించాడు. చప్పుడు లేకపోతే చదువు దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. ఇంట్లో రోకలి ఆగింది, మాటలు ఆగాయి. పిల్ల ఒంటరిగా కూర్చుని గోడమీది బల్లిని చూసింది. చదువు రాలేదు గానీ నిద్ర మాత్రం బాగా వచ్చింది.

తరువాత పొరుగూరినుంచి ఇంకొక పంతులును రప్పించాడు. ఆయనకు చదువెంత వచ్చో తెలియదు గానీ బెత్తం పొడుగు. దాన్ని చూడగానే గవరమ్మకు వచ్చిన నాలుగక్షరాలూ పారిపోయాయి.

మూడోసారి సంతకు వెళ్ళి, ఎక్కాలన్నీ తడుముకోకుండా చెప్పే చిలకను కొనుక్కొచ్చాడు. పంజరం పిల్ల ముందు పెట్టి, దీన్ని చూసి నేర్చుకోమన్నాడు. చిలక పొద్దస్తమానం వల్లించింది. పిల్ల విని విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఈ చిలకకున్న బుర్ర కూడా నాకు లేదు," అంది.

గుమ్మం అవతల ఉన్న శెట్టి చెవిన ఆ మాట పడింది. ఆయన గుండె చివుక్కుమంది. లోపలికి వచ్చి, ఎక్కాలు ఎలా నేర్చుకున్నావో మా అమ్మాయికి కాస్త చెప్పమని చిలకను బతిమాలాడు. చూశారా, చిలక దగ్గర చెయ్యి చాచాడు గానీ, పాపను ఒక్కమాట అడగలేదు!

"శెట్టిగారూ," అంది చిలక, "రెండు నాలుగులు ఎనిమిది అంటాను గానీ, ఎనిమిదంటే ఎంతో నాకు తెలీదు. ఎవరైనా పక్కన కూర్చుని ఎనిమిది జామకాయలు పెడితే కదా తెలిసేది? పంజరంలో ఉన్నదానికి ఇంతకంటే రాదు. మరి మీ పిల్లనెందుకు పెట్టారు?"

శెట్టి పంజరం తలుపు తీశాడు. చిలకను వదిలేశాడు. కూతురి చెయ్యి పట్టుకుని కొట్లోకి తీసుకెళ్ళి, వడ్ల రాశి ముందు కూర్చోబెట్టి మానిక చేతికిచ్చాడు. పిల్ల మానిక నింపింది. నోరు మాత్రం పెగల్లేదు. తండ్రి ముఖంలోకి చూసింది.

"లాభం," అన్నాడు శెట్టి. "మన కొట్లో అలాగే అంటాం తల్లీ. బడిలో ఒకటి అంటారు. ఎలా అన్నా అది ఒక్క మానికే. నువ్వు తప్పు చెప్పలేదు. వాళ్ళు నవ్విననాడే నేనీ మాట చెప్పాల్సింది."

చాలాసేపటికి గవరమ్మ రెండో మానిక నింపింది.

"రెండు," అంది.

ఇక రోజూ ఆ తండ్రీకూతుళ్ళకు అదే పని. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మరి కుంచానికి సోలలెన్ని? పిల్ల తానే పోసి, తానే కొలిచి చూసుకునేది. తప్పితే శెట్టి కసిరేవాడు కాదు, మళ్ళీ కొలుద్దాం రమ్మనేవాడు.

కన్యకమ్మకు చదువు రాదు. అయినా బియ్యం ఏరుతూ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని కథల తాటాకులు చదవమనేది. ఒత్తు దగ్గర పిల్ల ఆగితే అందించడం ఆమె వల్ల కాదు. ఊరికే ఎదురుచూసేది. ఆనక, "తర్వాతేమైందే?" అనేది. అమ్మకు చెప్పాలన్న ఆశతో పిల్ల కూడబలుక్కుని చదివేది. ఒకనాడు కుందేలు పులి గుహ దగ్గర చిక్కుకుని ఉండగా పొయ్యిమీద అన్నం మాడింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

దసరా వచ్చింది. పంతులుగారు గవరమ్మను అందరి ముందూ నిలబెట్టి, అడ్డెడు బియ్యం ఎనిమిదిమందికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎంతొస్తుందని అడిగారు. పిల్ల కళ్ళు మూసుకుంది. వేళ్ళు గాలిలో ఏదో కొలిచాయి.

"సోలెడు," అంది.

తాటాకు చేతికిస్తే తడబడుతూనే చివరిదాకా చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నీకింత ఓపికగా నేర్పిన గురువెవరని పంతులుగారు అడిగారు.

"నాన్న నాతో కొలిచాడు. అమ్మ నేను చదివితే విన్నది," అంది గవరమ్మ.

పంతులుగారు కాసేపు తల వంచుకున్నారు. తరువాత తన పక్కనే చాప పరిచి, రేపటినుంచి ఇక్కడే కూర్చోమన్నారు.

బడి చదువు చెబుతుంది నాయనలారా. ఇంట్లో పక్కన కూర్చునేవాళ్ళుంటేనే అది పిల్లలకు ఒంటబడుతుంది.