మలుపు తిరగని మోటారుసైకిలు

కొండవాగు జమీందారు జగ్గభూపతికి పందేల మోటారుసైకిలు ఒకటుండేది. దాని వెనక స్ప్రింగులు సరిచేయమని తన బండ్ల షెడ్డులో పనిచేసే మెకానిక్ ఖాదర్‌వలిని పిలిచి, తన బరువు ఆరు మణుగులేనని గర్వంగా చెప్పాడు. వలి ఆ లెక్కకే బిగించాడు. మర్నాడు మలుపులో హ్యాండిల్ ఎంత తిప్పినా వినక, బండి దొరను తీసుకెళ్లి చెరుకుతోటలో పడేసింది.

“నీకు పని రాదు. షెడ్డు ఖాళీ చెయ్యి,” అన్నాడు దొర.

“అలాగే దొరా. ఆరు మణుగుల మనిషి నడిపినా బండి తిరక్కపోతే ఈరోజే వెళ్లిపోతాను,” అన్నాడు వలి.

దొరకి కుతూహలం పుట్టింది. బండి నడపడం తెలిసిన జవాన్లను ధాన్యం కాటా మీద తూయించాడు. సరిగ్గా ఆరు మణుగులు తూగినవాడు బండెక్కి, అదే మలుపు సునాయాసంగా తిరిగొచ్చాడు.

దొర అందరినీ పంపించేసి, “నన్నూ తూచాలా?” అని మెల్లగా అడిగాడు.

“అక్కర్లేదు దొరా. బండి మీద కూర్చోండి చాలు. వెనక మరీ కుంగితే ముందుచక్రం నేలను పట్టదు.”

దొర కూర్చున్నాడు. స్ప్రింగు ఎంత కుంగిందో వలి పుల్లతో కొలిచి, నాలుగు చుట్లు బిగించాడు. ఈసారి దొర మలుపు తిరిగి నవ్వుతూ వచ్చాడు.

“నా బరువెంతో ఎవరికైనా చెప్తావా?”

“నాకెలా తెలుస్తుంది దొరా? నేను కొలిచింది స్ప్రింగునే కదా,” అన్నాడు వలి.