ట్యాబు గుర్తుపట్టని పిల్ల

దగ్గరికి జరగండి తల్లీ, వెనకున్న బాబాయిలు కూడా ముందుకు రండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి.

నిరంజనయ్యగారని ఒక గురువుగారు. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుని "పద" అంటారు. ఆయన శిష్యుడు శశిధరం పన్నెండు పల్లెల బళ్ళకి ట్యాబులు తయారుచేసి ఇచ్చాడు. పిల్ల మొహం చూపిస్తే చాలు, ట్యాబు తెరుచుకుని పేరు పెట్టి పిలుస్తుంది. ఎంతవరకు వచ్చో చూసి, అక్కణ్ణించి పాఠం చెబుతుంది. మార్కులూ అదే వేస్తుంది. ఇక జిల్లా అంతటికీ ఇమ్మని కబురొచ్చింది. దీవెన కోసం వచ్చిన శశిధరం, "గురువుగారూ, ఇకమీదట ఏ పిల్లా వెనకబడదు. ఇంకా లోపమేమైనా ఉందంటారా?" అని అడిగాడు.

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఆ పన్నెండింట్లో ఒక బడికి వెళ్ళారిద్దరూ. అయిదో తరగతి. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం. శశిధరం ఛాతీ పొంగింది. చివరి వరసలో మాత్రం ఒక పిల్ల, నున్నటి గుండుతో, వెలగని ట్యాబు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"నీ పేరేమిటమ్మా?" అన్నాడు శశిధరం.

"అప్పలనరసమ్మండి. జొరం తగ్గితే తలనీలాలిస్తానని మాయమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. గుండు చేయించిన కాణ్ణించి ఇది నన్ను ఎరగనంటందండి."

జోగారావు మాస్టారు పరుగున వచ్చారు. "తెలివైన పిల్లేనండి, నాలుగేళ్ళుగా నా దగ్గరే చదువుతోంది. పైకి రాసి పంపేం. జుట్టు మొలిస్తే అదే పట్టేస్తుందన్నారు. ఇరవై రెండు రోజులయింది."

"అందాకా పాఠం?" అన్నాడు శశిధరం.

"పాఠం అందులోనే ఉంది కదండీ. మమ్మల్ని నోటితో చెప్పొద్దన్నారు."

అంతలో పక్క పిల్ల తన ట్యాబుని మెల్లగా గుండు పిల్ల వైపు తిప్పింది. మాస్టారు కసిరారు. "పైడితల్లీ! మళ్ళీనా? నీ మార్కు పడిపోతంది!"

"పడితే పడనీండి మాస్టారూ. దీనికి భిన్నాలు అసలే రాలేదు."

ఆ ట్యాబు మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: 'శ్రద్ధ లేదు'. చూపు పక్కకి తిప్పిన పిల్లకి ఆ మాట పడాలని నిర్ణయించింది శశిధరమే.

"ఇవాళే సరిచేస్తాను మాస్టారూ."

"మంచిదేనండి. కానీ గురుకులం సీట్లకి పేర్లు ట్యాబు మార్కుల్ని బట్టే పొద్దున్న వెళ్ళిపోయాయి. ఇద్దరివీ లేవు." ఆ మాట ఆయన నేల చూస్తూ అన్నారు.

నరసమ్మకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఏడవలేదు. అరచేత్తో గుండు కప్పుకుంది, అంతే.

తిరుగుదారిలో శశిధరం గురువుగారి పక్కకి వచ్చాడు. "తప్పు నాదే గురువుగారూ. ట్యాబుకి గుండున్న మొహాలు చూపించలేదు. నేర్పిస్తాను."

"దానికి ఒక్కరోజులో నేర్పేస్తావు నాయనా," అన్నారు నిరంజనయ్యగారు. "కళ్ళెదుట కూర్చున్న పిల్లని లేదనుకోవడం ఆ మాస్టారికి నేర్పావే, అది మరిపించడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

ఇంతే తల్లీ కథ. ఇందులో మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు. పైడితల్లి చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు మీ పక్కన ఎవరైనా ఖాళీ చేతులతో కూర్చుని ఉంటే, మీరూ ఆ పని చేయండి.