కాపలాగదికి కన్నం చాలు

వంటవాడు ముందు తిని చూపిస్తే గానీ అనంగపురం రాజు ముద్ద ముట్టేవాడు కాదు. అంత అనుమానం మనిషి ఖజానాలోనే నగలు మాయమవుతున్నాయి! అందులో ఆయన తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. కాపలావాళ్ళు పక్కగదిలో ఉండి, మధ్య తలుపులోంచి చూస్తుంటారు, అంతే.

కాపలా గట్టి చెయ్యమని రాజు తాపీపని చేసే గవరమ్మను పిలిపించాడు. ఆమె ఆ తలుపు పీకేసి గోడ కట్టింది. చూడడానికి గోడలో ఒక కన్నం, దొంగ కనిపిస్తే లాగడానికి ఒక గంటతాడు ఉంచింది. కాపలాగదికి దారి బయటినుంచి పెట్టింది.

రాజుతో కలిసి పని చూడడానికి వచ్చిన దళపతి భైరవుడు మండిపడ్డాడు. "నా మనుషుల్నే అనుమానిస్తావా?"

"అయ్యో, లేదు దొరా. చూసేవాళ్ళకి చూపు చాలు కదా, దారెందుకు? ఏదైనా కనబడకపోతే చెప్పండి, కన్నం పెద్దది చేస్తాను."

భైరవుడు కన్నానికి కన్ను ఆనించాడు. "ఇదేం పని ప్రభూ! స్తంభం వెనకున్న కెంపుల అర కనబడనే కనబడదు!"

రాజు ముఖం మారిపోయింది. "ఆ అర పాత తలుపు దగ్గర నిలబడినా కనబడదే," అన్నాడు మెల్లగా.

గవరమ్మ తాపీ కడుక్కుంటూ అడిగింది: "అయితే ప్రభూ, కన్నం పెద్దది చెయ్యనా, వద్దా?"